అటెండెంట్‌కు చార్జీ లేదు

నవంబర్ 1, బుధవారం

ఖొకొన్ ఫోన్ చేశాడు. తమ్ముడు ఆదివారం తప్ప చెయ్యడు. బుధవారం చేశాడంటే ఎవరికో బాగాలేదనుకున్నాను. అదేం కాదు. పూరీ వెళుతున్నారట. నన్నూ రమ్మన్నాడు.

నీకు కూడా టికెట్ తీసేశాను దిదీ, ఇంక కాదనకు, అన్నాడు. కాదంటానని ఎందుకనుకున్నాడో. నన్ను ఇంతవరకు ఎవరూ ఎక్కడికీ పిలవలేదు. కాదనడం నాకు అలవాటు లేదు.

వాడి ఆఫీసు క్లబ్బుకి పూరీలో హాలిడే హోమ్ ఉంది. స్టాఫ్‌కి గది దాదాపు ఊరికే. వంటిల్లు ఉంటుంది, ఎవరి వంట వాళ్ళు వండుకోవచ్చు. సెలవుల్లో పూరీ వెళ్ళి హోటల్లో దిగేవాడంత వెర్రివాడు లేడట. నిద్రపోవడానికి డబ్బివ్వడం ఏమిటే, కళ్ళు మూసుకున్నాక అన్ని గదులూ ఒకటే కదా, అన్నాడు. నవ్వొచ్చింది. చిన్నప్పుడూ ఇలాగే మాట్లాడేవాడు.

చివర్లో, ఫోంటా కూడా ఈసారి అక్కడే పెడుదువుగాని, సముద్రం పక్కన, అన్నాడు.

అప్పుడు సరేనన్నాను. అంతకుముందే అన్నానేమో కూడా.

నవంబర్ 2

వాడికి ఏడేళ్ళప్పటి నుంచి భాయి ఫోంటా పెడుతున్నాను. ఒక్క ఏడూ తప్పలేదు. ద్వారకేశ్వర్ నది పొంగి రోడ్డు తెగిన ఏడు విష్ణుపూర్ దాకా నడిచి బస్సెక్కాను. ఎడమ చేతి చిటికెన వేలితో తమ్ముడి నుదుట గంధం బొట్టు పెట్టి, యముడు వాడి జోలికి రాకుండా ఆయన గుమ్మంలో ముళ్ళు పరిచానని చెప్పాలి. చెబుతాను. నమ్ముతానో లేదో ఎప్పుడూ చూసుకోలేదు.

పెళ్ళయిన రెండో ఏట తిరిగొచ్చేశాను. ఆ సంగతి ఇక్కడ రాయను. నాదని చెప్పుకోడానికి మిగిలిన చుట్టరికం ఇదొక్కటే. ఏడాదికి ఒక పొద్దు.

నవంబర్ 4

సెలవు దొరికింది. సూపర్‌వైజర్ మేడమ్ ముందు మొహం చిట్లించింది. అంగన్‌వాడీ సెంటర్లో పిల్లలకి ఖిచిడీ ఎవరు వండుతారు అంది. హెల్పర్ చూసుకుంటుందన్నాను. పూరీ అనగానే మెత్తబడింది. ఎక్కడ దిగుతారు దిదిమొణీ అంది. తమ్ముడి ఆఫీసు వాళ్ళ ఇల్లుందన్నాను. అదృష్టవంతులు, మేం పోయినేడు హోటల్లో దిగితే తోలు వలిచి పంపారు, అంది.

ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఊరంతా శంఖాలు తెమ్మంటున్నారు.

నవంబర్ 6

మరదలు ఝుమా ఫోన్ చేసింది. దిదీ, మీరేం తేవద్దు, మీరొస్తే చాలు, అంది. తర్వాత ఏం తేవాలో చెప్పింది. గోబిందభోగ్ బియ్యం, గానుగ ఆవనూనె, గసగసాలు, మినప వడియాలు, మరమరాలు, వీలైతే నాలుగు కొబ్బరికాయలు. పూరీలో కొబ్బరికాయలు దొరకవా అన్నాను. దొరుకుతాయి దిదీ, ఊరికే ఇవ్వరు కదా, అంది.

నిజమే. సంచి బరువుగా ఉంది. ఫోంటాకి కొత్త వడ్లు ఓ గుప్పెడు మూట కట్టాను. గంధపు చెక్క చీరల మధ్య పెట్టాను.

నవంబర్ 9, హౌరా స్టేషన్

రైలు ఇంకా ప్లాట్‌ఫారం మీదికి రాలేదు. ఖొకొన్ కొడుకు టుబాయ్ నన్ను మాసీ అన్నాడు.

నేను వాడి నాన్న అక్కని. వాడికి పిసిని. మాసి అంటే వాడి అమ్మ తోబుట్టువు. లేదా అంట్లు తోమే మనిషి. ఎనిమిదేళ్ళవాడు, మాటలు వచ్చిన దగ్గర్నుంచి పిసీ పిసీ అని కొంగు పట్టుకు తిరిగినవాడు, ఇవాళ మాసీ, నీళ్ళ సీసా ఇవ్వు, అన్నాడు. ఏరా, పిసిని మరిచిపోయావా అన్నాను. వాడు నోరు రెండు చేతులతో మూసుకుని నవ్వాడు. ఝుమా కూడా నవ్వింది. వాడిదో కొత్త ఆట దిదీ, పట్టించుకోకండి, అంది.

ఖొకొన్ టికెట్లు చూస్తున్నాడు. అప్పటికి రెండుసార్లు చూశాడు.

నవంబర్ 10, పూరీ

ఇల్లు బాగానే ఉంది. రెండంతస్తులు, పసుపు గోడలు. కేర్‌టేకర్ బైధర్ అని ఒడియా ముసలాయన. మన బెంగాలీ బాగానే మాట్లాడతాడు. గేటు తీసి ఖొకొన్‌కి నమస్కారం పెట్టాడు, ఝుమాకి పెట్టాడు, టుబాయ్ బుగ్గ గిల్లాడు. నా చేతిలో నూనె డబ్బా చూసి, నువ్వు ఇటు మాసీ, వెనక మెట్లు, అన్నాడు. బరువు మోసేవాళ్ళకి వెనక దారి దగ్గర కాబోలనుకున్నాను.

గదిలో మంచాలు ముగ్గురికే సరిపోయాయి. మీరు వంటింటి వరండాలో పడుకోండి దిదీ, గాలి తగులుతుంది, గదిలో ఉక్క, అంది ఝుమా. చాప, దుప్పటి ఇచ్చారు. గాలి నిజంగానే బాగుంది. అబద్ధం చెప్పలేదు.

గిన్నెలు బైధర్ దగ్గర అద్దెకి. ఝుమా ఒక్క కడాయి, ఒక్క హండీ తీసుకుంది. సరుకులకి నేను తెచ్చినవే ఉన్నాయి.

మధ్యాహ్నం పప్పు, గసగసాలు నూరి వేసిన బంగాళదుంప పోస్తో, వడియాలు. ఖొకొన్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఇదే హోటల్లో అయితే చూసుకో, అన్నాడు ఝుమాతో. వేళ్ళ మీద లెక్క వేశాడు. సంతోషంగా కనబడ్డాడు. నాకూ సంతోషంగానే ఉంది.

నవంబర్ 11

పాలకి వెళుతుంటే సందు మలుపు తిరిగింది. అక్కడుంది సముద్రం. ఎవరూ చెప్పలేదు అంత దగ్గరని.

నీళ్ళు. ఈ చివర లేదు, ఆ చివర లేదు. కాసేపు నిలబడ్డాను. పాలు తెచ్చాను.

వాళ్ళు ముగ్గురూ గుడికి వెళ్ళారు. చేపలతను తలుపు దగ్గరికే తెస్తాడు, బజారు కన్నా చవక, ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి, అంది ఝుమా. రేపు మీరు వెళుదురుగాని దిదీ, జగన్నాథుడు ఎక్కడికి పోతాడు, అంది. చేపలతను చాలా ఆలస్యంగా వచ్చాడు. వచ్చేసరికి పెద్దవన్నీ అమ్ముడైపోయాయి.

నవంబర్ 12

కాళీ పూజ. ఇంకా నీళ్ళలో కాలు పెట్టలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి పొయ్యి మీద ఉంటోంది.

నవంబర్ 13, మధ్యాహ్నం

ఘటక్ బాబు కుటుంబం పొద్దున దిగింది. ఖొకొన్ సెక్షన్‌కి పెద్ద ఆయనే. క్లబ్బు సెక్రటరీ కూడా, ఈ ఇంటి బుకింగులన్నీ ఆయన సంతకంతోనే. ఆయన వచ్చాడని తెలియగానే ఖొకొన్ లుంగీ మార్చి ప్యాంటు వేసుకున్నాడు. సముద్రపు ఒడ్డున ప్యాంటు.

నేను వెనక కుళాయి దగ్గర రొయ్యలు ఒలుస్తున్నాను. ఘటక్ బాబు భార్య వచ్చి నిలబడింది. లావుగా, మంచి మనిషిలాగే ఉంది. ఎక్కడి నుంచి పట్టారే నిన్ను, ఏజెన్సీనా, ఊరి మనిషివా, అంది. నాకు అర్థం కాలేదు. ఊరేనన్నాను. అనుకున్నాలే, చెయ్యి చూస్తేనే తెలుస్తుంది, ఏజెన్సీ పిల్లలకి రొయ్య నరం తియ్యడం కూడా రాదు, అంది. నెలకెంతిస్తున్నారు వీళ్ళు, అంది. మెట్ల వైపు చూసి గొంతు తగ్గించింది. మా ఇంటికొచ్చెయ్యి, ఇద్దరమే, అత్తగారు కూడా పోయారు, ఏ గొడవా లేదు, రెండు పూటలా చేప పెడతాను, అంది.

అమ్మా, మీరు పొరబడ్డారు అనబోయాను. నోరు తెరిచాను కూడా. మెట్ల మీద నుంచి ఝుమా గొంతు వచ్చింది. మాసీ, నీళ్ళు కాగాయా, కబుర్లలో పడితే నీకింక లోకం పట్టదు, అంది. తర్వాత ఆవిడ వైపు తిరిగి, మా మాసి కబుర్లంటే చెవి కోసుకుంటుంది బౌదీ, అంది.

పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఝుమా నన్ను మీరు అనే అంటోంది. ఇవాళ నువ్వు అంది. నాలుక ఎక్కడా తడబడలేదు. ఇంట్లో అభ్యాసం చేసి వచ్చినట్టుంది.

రొయ్యలు ఒలవడం పూర్తి చేశాను. సగంలో వదిలితే పాడైపోతాయి.

నవంబర్ 13, సాయంత్రం

టుబాయ్‌ని అడిగాను. వాడు దాచలేదు. ఇక్కడ పిసి అంటే ఐస్‌క్రీమ్ కట్ అంది అమ్మ, పొద్దుట్నుంచీ మాసి అంటే రెండు, అన్నాడు. ఇవాళ రెండు తిన్నావా అన్నాను. తిన్నాడట. మామిడిది బాగుందట.

నవంబర్ 14

పొద్దున ఘటక్ బాబు వాళ్ళు స్నానానికి వెళ్ళినప్పుడు ఖొకొన్‌ని వంటింట్లోకి పిలిచాను. ముందు ఏమీ తెలియనట్టు చూశాడు. తర్వాత గోడ చూశాడు. తర్వాత చెప్పాడు.

స్టాఫ్, భార్య, పిల్లలు, అమ్మానాన్నలు. వీళ్ళకే ఆ రేటు. అక్కచెల్లెళ్ళు గెస్ట్ కింద లెక్క. గెస్ట్‌కి వేరే రేటు, ముందుగా దరఖాస్తు, మీటింగులో పాసవ్వాలి. అటెండెంట్ అయితే ఒకరికి చార్జీ లేదు. వరండాలో పడుకోవాలి, అంతే. అందరూ చేసేదే దిదీ, రాతలో ఒక్క మాట, అన్నాడు.

నన్నడిగితే ఆ గెస్ట్ డబ్బు నేనే ఇచ్చేదాన్ని కదా అన్నాను. నాకు జీతం వస్తుంది. తక్కువే, అయినా వస్తుంది.

వాడు నిజంగా నొచ్చుకున్నాడు. నీ దగ్గర డబ్బు తీసుకుంటానా, నన్నంత నీచుడనుకున్నావా, అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నన్ను పనిమనిషిని చేసినందుకు కాదు, నా డబ్బు తీసుకుంటాడని నేను అనుకున్నందుకు.

ఝుమా వచ్చింది. రాతలోనే కదా దిదీ మాసి, మనసులో మీరెప్పుడూ దిదే, అంది. తలుపు వేసి ఉంది కాబట్టి మళ్ళీ మీరు అంది. మనసులో పడుకుంటే ఎవరూ చార్జీ అడగరు. ఆ మాట పైకి అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

సరే, ఇప్పుడు కట్టేద్దాం, ఆ సెక్రటరీకి నేనే చెబుతాను, అన్నాను. ఇద్దరూ ఒకేసారి నా చెయ్యి పట్టుకున్నారు. అబద్ధం రాశానని తెలిస్తే మెమో ఇస్తారే, వచ్చే ఏడు బుకింగ్ పోతుంది, ట్రాన్స్‌ఫర్ కాగితం ఆయన బల్ల మీదే ఉంది, అన్నాడు ఖొకొన్. ఉండేది ఇంకెన్ని రోజులు, అయినా ఇక్కడ నిన్నెవరు ఎరుగుదురు, అన్నాడు.

ఎవరూ ఎరగరు. తెలిసినవాళ్ళు ముగ్గురే.

మరి రేపటి ఫోంటా, అన్నాను. దానికి ఇద్దరూ ముందే ఆలోచించుకున్నారు. తెల్లారకుండా, వాళ్ళు లేవకముందు, ఇక్కడే, తలుపు వేసుకుని పెడుదువుగాని, అన్నాడు. శంఖం మాత్రం వద్దు దిదీ, అంది ఝుమా.

నేను ఒప్పుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. తలుపు వేసినా, శంఖం లేకపోయినా, నుదురు వాడిదే కదా అనుకున్నాను.

సాయంత్రం ముగ్గురూ గవ్వల తెర ఒకటి కొనుక్కొచ్చారు. తలుపుకి వేలాడదీసేది. బేరమాడితే ఇంత తగ్గించాడని ఖొకొన్ చూపించాడు. దాని ఖరీదు విన్నాను. గెస్ట్ చార్జీ మధ్యాహ్నమే బైధర్‌ని అడిగి తెలుసుకున్నాను. తెర ఖరీదే ఎక్కువ.

నవంబర్ 15, ఉదయం ఆరు

నాలుగున్నరకే లేచి స్నానం చేశాను. గంధం తీశాను. గేటు పక్క మంచుతో తడిసిన గరిక కోసుకొచ్చాను. వడ్లు, దీపం, మిఠాయి పళ్ళెంలో సర్దాను. పీట లేదు, నా చాపే మడతపెట్టి వేశాను. పాయసానికి పాలు మరుగుతున్నాయి.

ఖొకొన్ వచ్చాడు. కూర్చోలేదు. దిదీ, చిన్న చిక్కొచ్చింది, అన్నాడు. ఘటక్ బాబు చెల్లెలు కటక్ నుంచి రాత్రే వచ్చిందట. ఎనిమిదింటికి కింద హాల్లో అందరూ కలిసి చేద్దామన్నాడట. ఇప్పుడే నా నుదుట బొట్టు కనిపిస్తే ఎవరు పెట్టారంటారు, మధ్యాహ్నం గదిలో పెట్టు, రోజంతా మంచిదేనట, పంచాంగం చూశాను, అన్నాడు.

వాడు పంచాంగం చూడటం నేనెప్పుడూ ఎరగను.

గంధం ఎండిపోకుండా తడిగుడ్డ కప్పాను.

నవంబర్ 15, పదకొండు

ఏడింటికి ఘటక్ బాబు భార్య ఝుమాని అడిగింది, మీ మాసిని ఓ గంట ఇస్తావా, హాల్లో అందరికీ లూచీలు వేయించాలి, అని. తీసుకెళ్ళండి బౌదీ, దానికేముంది, అంది ఝుమా. నన్ను అరువిచ్చింది. ఆవిడ వంటింట్లోకి వచ్చి, కప్పిపెట్టిన పళ్ళెం చూసింది. అబ్బ, గంధం కూడా తీసి ఉంచావా, ఎవరు చెప్పారే నీకు, ఇలాంటి మనిషి దొరకాలి, అంది. పళ్ళెం తీసుకుపోయింది. నా వడ్లు, నా గరిక, నా గంధం.

నేను మైదా పిండి కలిపి లూచీలు వేయించాను. బాగా పొంగాయి.

హాల్లో తివాచీ పరిచారు. ఘటక్ బాబు కూర్చున్నాడు. ఆయన చెల్లెలు బొట్టు పెట్టింది. శంఖం ఊదారు. ఆడవాళ్ళంతా శుభానికి ఉలూ అని కూత పెట్టారు. ఇంకెవరో ఇద్దరు ఉద్యోగులు కూర్చున్నారు, వాళ్ళకి వాళ్ళ అక్కచెల్లెళ్ళు పెట్టారు. నేను లూచీల పళ్ళెంతో గుమ్మం దగ్గర నిలబడ్డాను. చేతులు కాలుతున్నాయి. ముందు బొట్లు అయ్యాకే వడ్డించాలి.

ఏమయ్యా తుషార్, నుదురు బోడిగా ఉందేం, అన్నాడు ఘటక్ బాబు. ఆఫీసులో ఖొకొన్ పేరు తుషార్. అక్కచెల్లెళ్ళెవరూ లేరా నీకు, అన్నాడు.

ఖొకొన్ చూశాడు. నా వైపే చూశాడు, కానీ పళ్ళాన్ని చూశాడు. పళ్ళెం పైకి చూపు రాలేదు.

లేరు సార్, ఒక్కణ్ణే, అన్నాడు.

అయితే యముడికి నువ్వు రోడ్డు పక్క మామిడికాయవన్నమాట, ఎప్పుడు కావాలంటే అప్పుడు తెంపుకుపోతాడు, అని ఘటక్ బాబు పెద్దగా నవ్వాడు. అందరూ నవ్వారు. రా, కూర్చో, మా చెల్లి చేతి బొట్టు మన సెక్షన్‌లో సగం మందిని కాపాడుతోంది, అన్నాడు.

ఖొకొన్ కూర్చున్నాడు. బాసింపట్టు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చిన్నప్పుడు నేను నేర్పినట్టే కూర్చున్నాడు. ఘటక్ బాబు చెల్లెలు ఎడమ చేతి చిటికెన వేలు గంధంలో ముంచింది. యముడి గుమ్మంలో ముళ్ళు అంది. శంఖం ఊదింది ఝుమా. గట్టిగా ఊదింది. ఆమెకి అంత ఊపిరుందని నాకు తెలియదు.

నేను వడ్డించాను. ఖొకొన్ ఆకులో రెండు లూచీలు వేశాను. చాలు అన్నాడు. ఎవరితో అన్నాడో, పేరు పెట్టి అనలేదు.

ఒక్క టుబాయ్ మీద ఆశ పెట్టుకున్నాను. పసివాడు, నోరు జారతాడనుకున్నాను. వాడు జారలేదు. మాసీ, నాకింకోటి, అన్నాడు.

నవంబర్ 15, మూడు

అందరూ పడుకున్నాక ఖొకొన్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. నేను కడాయి తోముతున్నాను.

దిదీ, రా, గదిలో చాప వేసింది ఝుమా, అన్నాడు. నేను తోముతూనే ఉన్నాను. అక్కడ అలా అనకపోతే ఏమనాలో నువ్వే చెప్పు, అన్నాడు. కోపమొస్తే తిట్టు, అంతేగాని ఇవాళ పెట్టకుండా ఉండకే, నీ చేతి బొట్టు లేకుండా ఒక్క ఏడు కూడా లేను, అన్నాడు. వాడికి భయం వేసింది. అబద్ధం ఆడినందుకు కాదు, యముడికి. నుదుట ఆ పరాయి మనిషి పెట్టిన గంధం ఎండి పెచ్చులు లేస్తోంది. నేను తీసిన గంధమే. నేనే పెట్టి ఉంటే ఇంకొంచెం పల్చగా పెట్టేదాన్ని.

గుమ్మంలోనే తల వంచాడు. వంచి ఉంచాడు. మాడు మీద జుట్టు పల్చబడింది. ఎప్పుడు పల్చబడిందో గమనించలేదు.

చెయ్యి కడుక్కున్నాను. పళ్ళెం తిరిగొచ్చింది, అడుగున కొంచెం గంధం మిగిలే ఉంది. ఒక్క వేలు ముంచితే అయిపోయేది. ముంచుదామనే అనుకున్నాను. అది నిజం.

దాదాబాబూ, లోపలికి రాకండి, నేల తడిగా ఉంది, అన్నాను. పనివాళ్ళు ఇంటాయన్ని అలాగే అంటారు.

వాడు తల ఎత్తాడు. దిదీ, అన్నాడు.

ఎవరైనా వింటారు దాదాబాబూ, అన్నాను. మాసి చేత బొట్టు పెట్టించుకుంటే నలుగురూ ఏమనుకుంటారు, అన్నాను.

ఊరుకోవే, అన్నాడు. ఇంకా ఏదో అన్నాడు. నేను కుళాయి తిప్పాను. మిగిలిన గంధం కడిగేశాను. గుప్పెడు వడ్లు కాలవలో కొంత దూరం పోయి జాలీ దగ్గర ఆగాయి.

ఈ ఏడు యముడి గుమ్మం తెరిచే ఉంటుంది. ఘటక్ బాబు చెల్లెలు మూస్తే మూసినట్టు.

నవంబర్ 15, ఆరు

ఝుమా వచ్చి ఏడ్చింది. ఆయన అన్నం ముట్టలేదు, అంత పంతం పనికిరాదు దిదీ, ఆయనకేమైనా అయితే మీకు సంతోషమా, అంది. హాల్లో అందరి ముందూ అక్క అని పిలవమను, అక్కడే పెడతాను, అన్నాను. ఝుమా ఏడుపు ఆపింది. కాసేపు నిజంగా ఆలోచించింది. అలా చేస్తే వచ్చే ఏడు గది ఎలాగండీ, అంది.

అంతే. కడాయి బోర్లించాను.

నవంబర్ 16

రేపటి రైలుకి అందరం కలిసి వెళ్ళాలి. నేను ఇవాళే సంచి సర్దాను. రెండు చీరలు, తువ్వాలు, గంధపు చెక్క. సరుకులు అక్కడే వదిలేశాను.

గేటు దగ్గర బైధర్ ఆపాడు. సంచి ఓసారి చూపించు మాసీ, అన్నాడు. తప్పుగా అనుకోకు, రూలు, పనివాళ్ళు ఎవరు బయటికి వెళ్ళినా చూడాలి, పోయినేడు ఒకావిడ ప్రెషర్ కుక్కర్ పట్టుకుపోయింది, నా జీతంలో కోశారు, అన్నాడు. ముసలాయన నిజంగానే ఇబ్బంది పడుతున్నాడు. సంచి కింద పెట్టి ముడి విప్పాను.

పై బాల్కనీలో ఘటక్ బాబు, ఖొకొన్ టీ తాగుతున్నారు. ఏమిటయ్యా, మీ మనిషి మధ్యలో వెళ్ళిపోతోందా, అన్నాడు ఘటక్ బాబు. చూశావా, తిండి పెట్టి, సముద్రం చూపించినా ఇంతే, ఈ కాలం మనుషులకి విశ్వాసం లేదు, అన్నాడు.

ఖొకొన్ లేచి నిలబడ్డాడు. కప్పు చేతిలోనే ఉంది. దిగి వస్తాడనుకున్నాను. ఒక్క క్షణం అనుకున్నాను. బాల్కనీ నుంచి ముందు మెట్లు దగ్గరే.

వెళ్ళనివ్వు బైధర్, సంచి చూడక్కర్లేదు, అన్నాడు పై నుంచి. మనిషి మంచిది, చెయ్యి అలాంటిది కాదు, అన్నాడు.

నలుగురిలో నా తమ్ముడు నా గురించి చెప్పిన మంచి మాట అది. ఇంకోటి గుర్తు రావడం లేదు.

బైధర్ సంచి ముడి తనే వేశాడు. జీతం ఇచ్చారా మాసీ, అని మెల్లగా అడిగాడు. ఇచ్చారన్నాను.

నవంబర్ 16, సాయంత్రం

హోటల్. సింగిల్ గది లేదన్నాడు కౌంటరు అతను. డబుల్ తీసుకున్నాను. ఎంతమంది అన్నాడు. ఒక్కదాన్నే అన్నాను. ఎవరి తాలూకు అన్నాడు. ఎవరి తాలూకూ కాదన్నాను. బేరమాడలేదు.

గదిలో రెండు మంచాలున్నాయి. ఒకదాని మీద పడుకున్నాను. తర్వాత లేచి రెండోదాని మీద పడుకున్నాను. రెండింటికీ డబ్బిచ్చాను.